తీతువ గూటికి పది అడుగుల ఇవతల

మా చిన్నాయన పోయాడని పుంగనూరు నుంచి పిన్నమ్మ ఫోన్ చేసినప్పుడు నేను సముద్రం ఒడ్డున పక్షుల పార్కులో వాచ్ టవర్ మీద ఉన్నాను. చుట్టూ బడిపిల్లలు, నా చేతిలో బైనాక్యులర్. "పాపా, మీ సిన్నాయన నిద్దర్లోనే పోయినాడు. పొద్దున లేపితే లెయ్యలా," అంది పిన్నమ్మ. కింద నీళ్లు ఎండిన ఉప్పు కయ్యలో తీతువ పిట్ట ఒకటి గొంతు చించుకుని అరుస్తోంది. పిల్లలను తీసుకొచ్చిన టీచరమ్మ చెవులు మూసుకుని, "అబ్బా, తీతువ అరుపు! ఎక్కడో చావు కబురుంటుందంటారు," అంది.

చూడండి, సరిగ్గా అప్పుడే అనాలా ఆ మాట! నా ముఖం చూసి ఆవిడ బెదిరిపోయింది. నేను ఏడవలేదు, కోప్పడ్డాను. ఎందుకంటే ఆ మాట మీద మా చిన్నాయన బతికినన్నాళ్లూ యుద్ధం చేశాడు. "అది అరిసేది నీ సావు కోసరం గాదమ్మా, దాని బిడ్డ కోసరం" అని కలెక్టరొచ్చినా అదే చెప్పేవాడు, కల్లుగీసే ఆయనొచ్చినా అదే చెప్పేవాడు. నేనూ ఆ టీచరమ్మకు అదే చెప్పి, పిల్లలను కిందికి దించి, తిరుపతి బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాను.

దారిలో నాకు వచ్చిన మొదటి ఆలోచన చెబితే మీరు నన్ను ఏమనుకుంటారో తెలియదు. ఆయన లేడే అని కాదు, ఈ ఏడాది గూళ్లకు రాళ్లు ఎవరు పెడతారు అని. సిగ్గుపడుతూనే చెబుతున్నాను. కానీ ఆయన వింటే సిగ్గుపడొద్దనేవాడు, "ముందు అది సూడు" అనేవాడు. ఆ రాళ్ల సంగతి మీకు తెలియాలంటే ఆయన సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

కురబలకోట పక్కన మా ఊరు. మాది గొర్రెల ఇల్లు. మా నాయన మదనపల్లెలో ఉద్యోగం చూసుకున్నాడు, చిన్నాయన గొర్రెల వెంటే ఉండిపోయాడు. తర్వాత ఫారెస్టులో వాచర్ పని దొరికితే కుప్పం దిక్కున అడవిలో చేరాడు. శాంతిపురం రైతుల చేలల్లోకి ఏనుగులు దిగితే తిరిగి అడవిలోకి మళ్లించే పని అది. అక్కడ పిడుగులా పనిచేస్తున్నాడని మెచ్చుకుని, మెచ్చుకున్న పాపానికి సముద్రం ఒడ్డుకు వేశారు. ఉప్పుకయ్యల మధ్య పక్షుల పార్కు. చుట్టూ సరుగుడు తోటలు, ఒక పక్క సముద్రం, ఒక పక్క చెరువు లాంటి పెద్ద కయ్య. వానలకు నిండి, ఎండలకు ఆరిపోతుంది.

మొదటిసారి సముద్రాన్ని చూసినప్పుడు ఆయన అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. చాలాసేపు చూసి, వంగి ఒక చుక్క నాలుకకు రాసుకుని, "ఇన్ని నీళ్లుండాయి. ఒక్క గొర్రె తాగేదానికి పనికిరావు," అన్నాడట. ఆ ఒడ్డు ఊరివాళ్లు ఆ రోజు నుంచి ఆయనను, ఎత్తు నేల నుంచి వచ్చినవాడని, మిట్ట ఊరి మామ అని పిలవడం మొదలుపెట్టారు.

నేను డిగ్రీ అయ్యాక అదే పార్కులో గైడుగా చేరాను. చేర్పించింది ఆయన కాదు, పరీక్ష రాసి చేరాను, ఇది కచ్చితంగా రాయాలి. చేరిన రోజు ఆయన నన్ను తీసుకుని కయ్య చుట్టూ తిప్పి, చేతిలో ఉన్న నా పక్షుల పుస్తకం లాక్కుని సంచిలో వేసేశాడు. "పేర్లు నాలుగు నెలలు పోయినాక నేర్సుకోవచ్చు. ముందు ఎవురు ఎప్పుడొస్తారు, ఎందుకొస్తారు, ఎప్పుడు పోతారు, అది సూడు. పెండ్లికి పోయినోళ్లు ముందు పెండ్లికొడుకు పేరడుగుతారా? అన్నం యాడ పెడతాండారో గదా సూసేది!"

ఆయన చెప్పిన లెక్కనే నేను ఇప్పటికీ సందర్శకులకు చెబుతాను. కార్తీకం వానలకు కయ్య నిండుతుంది. నిండిన వారానికే గూడబాతులు దిగుతాయి, ఆ వెనకే ఎర్రకాళ్ల కొంగలు తుమ్మచెట్ల మీద కాపురాలు పెడతాయి. మార్గశిరం, పుష్యం ఫ్లెమింగోలవి. వందల కొద్దీ తలలు నీళ్లల్లో ముంచి, నడుస్తూనే తింటాయి. "మన గొర్రెలు గూడా అంతే గదా, తల ఎత్తవు," అనేవాడు చిన్నాయన. ఆ రోజుల్లోనే సముద్రం వైపు ఇసుకలో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. తెల్లవారకముందే వెళ్లి వాటి జాడలు చూసి వచ్చేవాడు, ట్రాక్టరు చక్రాల గుర్తులకు తాబేలు జాడకు తేడా నాకు నేర్పింది ఆయనే. శివరాత్రి దాటితే దూరదేశం పక్షులన్నీ లేచిపోతాయి. టూరిస్టులూ లేచిపోతారు. ఇంక చూసేదేమీ లేదని ఆఫీసు కూడా తాళం వేసుకున్నట్టే ఉంటుంది.

కానీ మా చిన్నాయనకు అప్పుడే సీజను మొదలు. కయ్య ఆరిపోయి, బీటలు వారి, ఎండ తీవ్రంగా కొట్టే ఆ రోజుల్లో, మీరు వట్టి బురద అనుకునే ఆ నేల మీద తీతువలు గుడ్లు పెడతాయి. గూడు అంటూ ఏదీ ఉండదు. అరచేయంత గుంట, నాలుగు గుడ్లు, అచ్చం ఎండిన మట్టి రంగు. ఆడా మగా వంతులేసుకుని పొదుగుతాయి. మీరు ఆ గుడ్ల పక్కనే నిలబడి ఉన్నా కనిపించవు. తొక్కేసి కూడా తొక్కామని తెలియదు.

ఇంతకూ ఆరిన కయ్య ఖాళీగా ఉంటుందా అంటే, ఉండదు. ఒడ్డు ఊరివాళ్లు వలలు, పడవ ఇంజన్లు ట్రాక్టరు మీద వేసుకుని సముద్రానికి అడ్డదారిన దాని మీదే పోతారు. వాళ్లను తప్పు పట్టలేం, చుట్టూ తిరిగి పోవాలంటే సగం పొద్దు పోతుంది. తాతల కాలం నుంచీ అదే దారి. చక్రం కింద గుడ్లు పోతే వాళ్లకూ తెలియదు.

ఇక్కడే మా గొర్రెల ఇంటి అలవాటు పనికొచ్చింది. మా మిట్ట పొలాల్లో మేపుకొచ్చే వాళ్లకు తీతువ గూడు కనిపిస్తే, దాని చుట్టూ మూడు రాళ్లు పెడతారు. వెనక వచ్చే మందను ఆ రాళ్ల దగ్గర రెండుగా చీల్చి పక్కనుంచి తోలుతారు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, కానీ ఏ మందా ఆ రాళ్ల మధ్యకు పోదు. చిన్నాయన చిన్నప్పటి నుంచీ చేసిన పని అది. కయ్య మీద గుడ్లు చూడగానే చేయి రాయి కోసం వెతికిందట. కానీ ఆ నేలంతా గాలించినా గులకరాయంత రాయి లేదు! బురద, ఇసుక, గవ్వలు. "ఏం దేశమప్పా ఇది, దిష్టికి కొట్టేదానికి గూడా ఒక రాయి లేదు," అని తిట్టుకుని, సెలవు పెట్టి ఇంటికొచ్చి, సంచి నిండా రాళ్లేరుకుని బస్సెక్కాడు.

గూడు గూడుకూ మూడేసి రాళ్లు పెట్టాడు. ట్రాక్టరు తోలేవాళ్లకు చెప్పాడు, వాళ్లూ విన్నారు. చక్రాలన్నీ పక్కకు తిరిగాయి. మిట్ట ఊరి మామ మొనగాడు అనుకున్నారు. పది రోజులకు చూస్తే రాళ్లు పెట్టిన గూళ్లలో ఒక్క గుడ్డు లేదు. ఆయన కంటపడక, రాళ్లు పెట్టకుండా మిగిలిన గూళ్లలో మాత్రం పిల్లలు లేచాయి.

కాకులు! మా మిట్టన నేలంతా రాళ్లే కాబట్టి ఆ మూడు రాళ్లు కాపరి కంటికే తెలుస్తాయి. నున్నని కయ్య మీద ఆ రాళ్లు కాకికి బోర్డు పెట్టి పిలిచినట్టయ్యాయి. రెండు గూళ్లు తిన్నాక దానికి లెక్క తెలిసిపోయింది, రాళ్లుంటే గుడ్లుంటాయని. ఇది సముద్రం ఊరివాడు చేసే పొరపాటు కాదు, మావాళ్లే చేయగలరు.

ఆయన పైకి చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. నేరుగా ఆఫీసరు దగ్గరికి పోయి, "నేనే సంపినాను సార్. ట్రాక్టరు సగం సంపేది, నేను అన్నీ సంపినాను," అన్నాడట. ఆఫీసరు ఆయనను పోయి టీ తాగమన్నాడట. ఈ కథ నాకు ఆఫీసులో ఎవరో చెప్పింది కాదు. నేను చేరిన రోజున, పుస్తకం లాక్కున్న పది నిమిషాలకు, ఆయనే చెప్పాడు. కొత్తగా వచ్చిన ప్రతి వాచరుకూ ముందు ఇదే చెప్పేవాడు. "మంచి చేస్తాండాను గదా అని కండ్లు మూసుకుంటే, సంపేది మనమే పాపా."

మరుసటి ఏడు మళ్లీ రాళ్లతోనే వచ్చాడు. అదీ మా చిన్నాయన! ఈసారి గూటికి ఒక్కటే రాయి, అదీ గూటి దగ్గర కాదు, పది అడుగుల ఇవతల, ట్రాక్టరు దారి వైపున. డ్రైవర్లకు ఒకటే మాట చెప్పాడు, రాయి కనిపిస్తే దానికి అవతల పోవద్దని. కాకులు వచ్చి రాయి చుట్టూ గంతులేసి, తొంగి చూసి, ఏమీ దొరక్క నాలుగు రోజులకు విసిగిపోయి వదిలేశాయి. ఆ వేసవి పిల్లలు లేచాయి. ఆ తర్వాత ప్రతి వేసవీ లేచాయి.

అయితే ఇందులో ఒక చిక్కుంది, అదే నన్ను చాలా ఏళ్లు ఏడిపించింది. రాయి పెట్టడానికి మనిషి పోతే పొదుగుతున్న తీతువ లేచి అరుస్తుంది. అది లేచిన చోటు కాకి చూసుకుంటుంది. రాయి ఎంత దూరాన పెట్టినా అప్పుడిక లాభం లేదు. చిన్నాయన పోతే పిట్ట లేచేది కాదు. నేను పోతే లేచేది. ఎన్నిసార్లు పోయినా లేచేది. మట్టి రంగు చీర కట్టుకుని పోయాను, చెప్పులు విడిచి పోయాను, ఒకసారి మోకాళ్ల మీద పాకి కూడా పోయాను. అప్పుడైతే రెండు పిట్టలూ కలిసి నెత్తి మీద తన్నినంత పనిచేశాయి. చిన్నాయన గట్టు మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"గుడ్ల మింద కన్ను పెట్టుకుని పోతాండావు పాపా. నక్క గూడా అట్లే పోతాది. ఏనుక్కైనా తీతువకైనా ఎదురుగా పోగూడదు. అడ్డంగా పోవాల, ఇంగ యాడికో పోతాండే మాదిరి."

"పోతాండే మాదిరి నటిస్తానే ఉండాను గదా సిన్నాయనా!" ఆయన దగ్గరికొస్తే నాకూ మా ఊరి మాటే వచ్చేది.

"నటిస్తే దానికి తెలీదా? నిజంగానే యాడికో పోవాల."

ఆయన నిజంగానే ఎక్కడికో పోయేవాడు. కయ్య మీద అడ్డంగా నడుస్తూ ఇంటి సంగతులు తనలో తను మాట్లాడుకునేవాడు. "టమోటా నారు ఎండిపోతాండాది, రేపు నీళ్లు కట్టాల, మోటరోడు వస్తానని రాకపాయ..." అంటూ, చేతిలోని రాయి ఎప్పుడు జారవిడిచాడో మనకు కూడా తెలిసేది కాదు. నడక ఆగేది కాదు, తల తిరిగేది కాదు. పిట్ట కళ్లు మూసి తెరిచి అలాగే కూర్చునేది.

రిటైరయ్యాక పుంగనూరులో పిన్నమ్మ పుట్టింటి పక్కన చిన్న ఇల్లు కట్టుకున్నారు. కానీ ఏటా ఫాల్గుణం చివర్లో రాళ్ల సంచితో దిగేవాడు. ఆఫీసు పిలిచింది కాదు, ఎవరూ డబ్బు ఇచ్చేదీ లేదు. వారం ఉండి, గూళ్లన్నిటికీ రాళ్లు పెట్టి, పోయేవాడు. ఒకసారి నేను పుంగనూరు పోయి ఆయనతో కలిసి తిరిగి వస్తుంటే, కండక్టరు సంచిని కాలితో నెట్టి చూసి, "ఏంది పెద్దాయనా, ఇంత బరువుండాది?" అన్నాడు.

"రాళ్లప్పా."

"యాడికి తీసకపోతాండావు?"

"సముద్రానికి."

కండక్టరు నా వైపు చూశాడు, ఈయనకు బాగాలేదా అన్నట్టు. "సముద్రంలో రాళ్లేస్తారా ఎవురన్నా?"

"సముద్రంలో గాదు, పక్కన. పిట్టలుండాయి. నువ్వు టికెట్ కొట్టు, చెప్తా రా," అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పీలేరు వచ్చేసరికి ఆ కండక్టరు, "మా చేన్లో గూడా అరుస్తాంటాయి సామీ, నేను రాయెత్తుకుని తరిమేది," అని తల గోక్కుంటున్నాడు.

ఆయనలో లోపాలు లేవా అంటే ఉన్నాయి. మొండి. పని ఇంకొకరికి అప్పగించడం చేతకాదు. "సిన్నాయనా, నాకూ కొన్ని గూళ్లు ఇయ్యి" అని నేను ఏటా అడిగేదాన్ని. "పిట్ట లెయ్యనప్పుడు ఇస్తా" అనేవాడు. పోయిన ఏడు కోపమొచ్చి, "నువ్వు లేకపోతే అవి గుడ్లు పెట్టడం మానుకుంటాయా?" అనేశాను. ఆయన "మానుకోవు. అదే గదా నా బాధ," అన్నాడు. ఆ మాట అన్నందుకు నేను ఇప్పుడు బాధపడుతున్నాను.

కురబలకోట దగ్గర మా చేనిలో, తాత పక్కనే మట్టి చేశాం. కుప్పం నుంచి ఆయనతో ఏనుగులు తోలిన ముసలివాళ్లు ఇద్దరు వచ్చారు. పుంగనూరుకు తిరిగి వచ్చాక, మర్నాడు పొద్దున పిన్నమ్మ నన్ను తలుపు వెనక్కు పిలిచింది. అక్కడ గోడకు ఆనించి సంచి ఉంది. మూతి పురికొసతో కట్టి ఉంది. ఈ ఏడాదికి రాళ్లు. పది రోజుల ముందే ఏరి పెట్టుకున్నాడట.

"సోమవారం పోవాలన్నాడు. పాపకు ఫోన్ సేసినావా అంటే, యాల, దానికి తెలుసులే అన్నాడు." పిన్నమ్మ సంచి మీద చెయ్యి వేసి, తీసేసింది. "తీసకపో."

"దినం అయినాక పోతాలే పిన్నమ్మా. పదకొండు దినాలే గదా."

"అందాక ట్రాక్టర్లు ఆగుతాయా?" అంది పిన్నమ్మ. ముప్పై ఏళ్లు ఆ ఉప్పుగాలిలో కాపురం చేసిన మనిషి, ఆమెకు నేను చెప్పేదేముంది! "దినానికి వడ్డించేదానికి జనం శానామంది ఉండారు. ఆడికి పోయేదానికి నువ్వొక్కదానివే. బిన్నా పో పాపా, తడవు సెయ్యొద్దు."

"నేను పోతే పిట్ట లేస్తాది పిన్నమ్మా," అన్నాను. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. బస్సులో రానిది, మట్టి చేసేటప్పుడు రానిది, ఆ తలుపు వెనక వచ్చింది. పిన్నమ్మ నా కన్నీళ్లు కొంగుతో తుడిచి, సంచి ఎత్తి నా భుజాన పెట్టింది. బరువుగా ఉంది, తిరుపతిలో బస్సు మారేటప్పటికి భుజం కమిలింది.

నేను దిగేసరికి ఊరివాళ్లకు కబురు తెలిసిపోయింది. ట్రాక్టరు తోలే ఆయన ఒకడు గట్టు మీద బండి ఆపుకుని కూర్చుని ఉన్నాడు. "మామ రాళ్లు ఏడా కనపడలేదు అమ్మా. యాడ పోనీయాలో తెలీక రెండు దినాలుగా చుట్టుదారిన పోతా ఉండాం," అన్నాడు. నేను ఆయనకు దండం పెట్టాను. ఆయన కంగారుపడి, "ఏందమ్మా ఇది, ఎంతకాలమో ఆపలేం, బిన్నా పెట్టేయండి," అన్నాడు.

సాయంత్రం ఎండ కాస్త తగ్గాక సంచి భుజాన వేసుకుని, ఒక రాయి చేతిలోకి తీసుకుని కయ్యలోకి దిగాను. మొదటి గూడు నాకు తెలుసు, టవర్ మీంచి ఆ రోజు అరుస్తూ కనిపించిన తీతువదే. సరుగుడు తోట మీద కాకులు రెండు కూర్చుని నన్నే చూస్తున్నాయి. పోతాండే మాదిరి నడవాలి అనుకున్నాను. ఏదో ఒకటి మాట్లాడాలి కదా. నాకు టమోటా నారు లేదు, మోటారు లేదు. నోటికి ఆయనే వచ్చాడు.

"పిన్నమ్మ అన్నం సరిగా తినలేదు సిన్నాయనా. కుప్పం నుంచి నీ జతగాళ్లు వచ్చినారు, ఏనుగు నీ కంబళి ఎత్తకపోయిన కథ చెప్పి అందరినీ నవ్వించినారు. తాత పక్కనే పెట్టినాం. మన చేన్లో రాళ్లకు కొదవ లేదు గదా, నీ తలాపున మంచిది సూసి నిలబెట్టినాను. పోయిన ఏడు నేనన్న మాటకు నువ్వు బాధపడినావో ఏమో, అడగలేకపోయినా..."

ఎంత దూరం నడిచానో తెలియదు. కళ్లు మసకగా ఉన్నాయి, కయ్యంతా ఒకటే తెలుపు. చెయ్యి ఖాళీగా ఉందని గమనించి ఆగాను. అప్పటికి తోట వైపు గట్టు దగ్గరికి వచ్చేశాను. అరుపేదీ వినపడలేదు. కాకులు ఎప్పుడో లేచి ఊరి వైపు పోయాయి.

గట్టు మీద కూర్చుని బైనాక్యులర్ పెట్టి చూశాను. ట్రాక్టరు దారికి ఇటువైపు, బీటల మధ్య మా ఊరి నల్లరాయి ఒక్కటే ఉంది. దానికి పది అడుగుల అవతల తీతువ కదలకుండా కూర్చుని ఉంది.